మా రామమందిరం, పాళి పుస్తకం

బెంగళూరులో మారతహళ్ళి దాటి వర్తూరు వైపు పోయే దారిలో ఉన్న మా ఊరి రామమందిరానికి పెంకులు దించేశారు. పాత గోడల సున్నం మీద వాన పడింది. శ్రీరామనవమి ముందు వెల్ల వేసే రోజుల్లో వచ్చే వాసన మళ్ళీ వీధి మలుపు దాకా వచ్చింది. ఆ వాసన ఏమిటో తెలిసినవాళ్ళం ఊళ్ళో ఇంకా కొంతమందిమి ఉన్నాం. కొత్త మందిరం రెండంతస్తులు లేస్తుందట. మంచిదే, లేవనీ. పాతదాన్ని ఎలా కట్టారో, అది ఎలా నడిచిందో, ఎందుకు ఆగిపోయిందో మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ సంగతులు చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

బెంగళూరు తూర్పున హొసకోట దాటి కోలారు దాకా తెలుగు మాట్లాడే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఈ ఊళ్ళల్లో గుడి వేరు, భజన మందిరం వేరు. గుడికి పూజారి ఉంటాడు, మాన్యం ఉంటుంది, కొన్నిచోట్ల ముజరాయి శాఖ (గుళ్ళను చూసే ప్రభుత్వ శాఖ) లెక్కలుంటాయి. మందిరానికి ఇవేవీ లేవు. రాములవారి పటం, ఒక దీపం, నాలుగు జతల తాళాలు, ఊరి జనం, అంతే. మడి, వేళ అనే పట్టింపులు తక్కువ కాబట్టే అక్కడ పంచాయతీ కూర్చుంది, బడి నడిచింది, రేడియో మోగింది, ఓట్లు కూడా పడ్డాయి.

*

మందిరం పెద్దదేం కాదు. లోపల ముప్పై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు. మూడు వైపులా మట్టిగోడ. వీధి వైపు గోడే లేదు. నాలుగు రాతి స్తంభాలు, వాటి ముందు మోకాలెత్తు అరుగు. అరుగు మీద పరిచినవి చప్పడి బండలు. ఎండాకాలం రాత్రి పది దాటినా వాటి వేడి తగ్గేది కాదు. గోడ అడుగున రెండడుగుల ఎత్తు దాకా రాతి కట్టుడు. మట్టిగోడకు అదే ప్రాణం. చూరు నీళ్ళు నేల మీద పడి ఎగిరి గోడ మొదలును తొలుస్తాయి. అందుకే మట్టిగోడ ఎప్పుడు పడినా అడుగు నుంచే పడుతుంది.

పైన మంగళూరు పెంకులు. వంద చదరపు అడుగుల కప్పుకు సుమారు 150 పెంకులు పడతాయి. వాలు, చూరు కలుపుకుని మా మందిరానికి వెయ్యి పైచిలుకు పట్టాయి. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. కొన్ని పెంకుల అడుగున ఆ సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చూసి "మా మందిరం 1865లో కట్టినది" అని చెప్పేవాళ్ళు మా ఊళ్ళోనే కాదు, చాలా ఊళ్ళల్లో ఉన్నారు. అది ఫ్యాక్టరీ పుట్టిన సంవత్సరం, కట్టడానిది కాదు.

పెంకు పని చూడ్డానికి తేలిక. పెంకును మోసే సన్నపు కట్టె పట్టీ రీపరు. రీపరుకూ రీపరుకూ మధ్య పన్నెండున్నర అంగుళాలు ఉండాలి. దూరం ఎక్కువైతే పై పెంకు కింది పెంకు మీదికి సరిగా ఎక్కదు, గాలివాన కొట్టినప్పుడు నీళ్ళు లోపలికి ఎగదన్నుతాయి. తక్కువైతే పెంకు ముక్కు రీపరును పట్టదు, నాలుగు రోజుల్లో జారుతుంది. కప్పెక్కినవాడు పెంకు నడుమ కాలు పెట్టకూడదు. కింద రీపరు ఉన్నచోటే అడుగు వేయాలి. కొప్పు పెంకులను సున్నం గారతో అతికేవారు. ఎవరో తెలివిగా ఒక ఏడు సిమెంటుతో అతికించారు. ఎండకు పెంకూ సిమెంటూ ఒకేలా సాగలేదు, సందు పడింది. ఆ సందులోంచి వచ్చిన నీళ్ళు నేరుగా నడి దూలం మీద కారాయి.

చెదలు ఎప్పుడూ దూలం గోడలోకి దిగే చోటే మొదలుపెడతాయి. అక్కడ గాలి ఆడదు, మట్టి తేమ కట్టెకు ఎక్కుతుంది. అందుకని దూలం చివర్లకు తారు పూసి, చుట్టూ వేలు దూరేంత ఖాళీ వదిలేవారు. కొత్త మేస్త్రీలు ఆ ఖాళీని చూసి పనితనం తక్కువనుకుని పూడ్చేశారు. ఈమధ్య దించినప్పుడు చూస్తే సరిగ్గా ఆ పూడ్చిన దూలాల చివర్లే డొల్ల. మిగతా మద్ది కట్టె నల్లగా, గట్టిగా ఉంది. మేకు దిగదు.

సున్నం పని ఉగాదికి ముందే మొదలయ్యేది. తొట్టిలో ముందు నీళ్ళు పోసి, అందులోకి సున్నపురాళ్ళు వదలాలి. రాళ్ళ మీద నీళ్ళు పోస్తే చిట్లి కళ్ళల్లో పడతాయి. తొట్టి కుతకుత ఉడికి చల్లారాక రెండు మూడు రోజులు అలాగే ఉంచి, పాత చీరతో వడకట్టి, కొంచెం గంజి, చిటికెడు నీలిమందు కలిపేవారు. గోడను ముందు నీళ్ళతో తడిపి, కిత్తనార కుంచెతో పలచగా మూడు చేతులు వేయాలి. చిక్కగా ఒకే చేయి వేస్తే దసరాకల్లా పెచ్చులు లేస్తుంది. ఇంటికొకరు చొప్పున వచ్చి ఒక్క పూటలో ముగించేవారు.

*

ఇంటికొకరు అన్న మాటలోనే మందిరం నడక అంతా ఉంది. దాన్ని పాళి అనేవాళ్ళు. శనివారం పొద్దున్నుంచి మళ్ళీ శుక్రవారం రాత్రి దాకా ఒక ఇంటి పాళి. పొద్దున ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేయాలి. సాయంత్రం చీకటి పడేలోపు దీపం పెట్టాలి. దీపానికి నూనె వారానికి అర సేరు, అది పాళి ఇంటిదే. శనివారం భజనకు ప్రసాదం కూడా ఆ ఇల్లే తేవాలి. గుగ్గిళ్ళయినా సరే, బెల్లం అటుకులైనా సరే. ఎవరు ఎంత తెచ్చారని ఎంచకూడదన్నది కట్టుబాటు.

అరవై ఇళ్ళు, ఏడాదికి 52 వారాలు. అంటే ఒక ఇంటికి పాళి తిరిగి రావడానికి ఏడాది దాటేది. ఎవరికీ బరువు కాలేదు, ఎవరూ తప్పించుకోలేదు. పుట్టుక, చావు, మైల వస్తే పక్క ఇంటితో మార్చుకునేవారు. ఆ మార్పు కూడా పాళి పుస్తకంలో ఎక్కేది. ఎర్ర అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం. రాత కన్నడ లిపి, మాట తెలుగు. భజన పాటల పుస్తకం కూడా అంతే. తెలుగు పాటలన్నీ కన్నడ అక్షరాల్లో. మాకు తెలుగు చెవితో వచ్చింది, కన్నడ పలకతో వచ్చింది.

పొద్దు గూకాక అరుగు మీద కూర్చున్న పెద్దాయన వీధిలో పోయేవాళ్ళను ఆపి అడిగేవాడు.

"ఏమప్పా, ఈ వారం పాళి ఎవుర్ది? దీపం కనపడలేదే?"

"మాదే చిన్నాయనా. ఆవు ఈనింది, చేతులు కడుక్కోని ఇప్పుడే పోతాండా."

ఆ అడగడం ఒక్కటే తనిఖీ. జరిమానా లేదు, సంఘం లేదు, కార్యదర్శి లేడు. ఎదురుగా గోడ లేని మందిరం కాబట్టి దీపం వెలిగిందో లేదో వీధికంతా తెలిసేది.

నూనె సంగతీ చెప్పాలి. ఆముదం మెల్లగా కాలుతుంది, పొగ తక్కువ. కానీ ధనుర్మాసపు చలికి చిక్కబడి వత్తిపైకి సరిగా ఎక్కదు, దీపం గుడ్డిగా ఉంటుంది. కానుగ నూనె చవక, ఊళ్ళోనే గింజలు ఏరి ఆడించుకోవచ్చు. దానికి వాసన, మసి ఎక్కువ. రెండూ కలిపి పోసేవాళ్ళే తెలివైనవాళ్ళు. పటాల అద్దాల మీద మసి ఎంత ఉందో చూస్తే ఆ నెల పాళీలు ఎవరెవరు కానుగ నూనె పోశారో చెప్పేయవచ్చు.

*

కరెంటు రాకముందు భజనలకు, నాటకాలకు రెండు పెట్రోమాక్స్ లైట్లు ఉండేవి. వాటిని ముట్టించే పని ఊళ్ళో ముగ్గురు నలుగురికే ఇచ్చేవారు. కారణం ఉంది.

ట్యాంకులో కిరసనాయిలు ముప్పావు వంతే పోయాలి. మిగతా పావు గాలికి. నిండా పోస్తే పంపు ఎంత కొట్టినా ఒత్తిడి నిలవదు. తర్వాత చిన్న గిన్నెలో స్పిరిటు పోసి ముట్టించాలి. పైన గొట్టం బాగా కాగాలి. అక్కడే అందరూ తొందరపడేది. గొట్టం కాగకుండా గాలి స్క్రూ బిగించి పంపు కొడితే ఆవిరికి బదులు నూనె నూనెగానే పైకొచ్చి భగ్గున మండుతుంది, మాంటిల్ (వెలుగిచ్చే గుడ్డ సంచి) నల్లబడుతుంది, చుట్టూ ఉన్న పిల్లలు పరుగు పెడతారు. చలికాలం ఒక గిన్నె స్పిరిటు చాలదు, రెండోసారి పోయాలి. అది ఆరిపోబోయే క్షణంలో స్క్రూ బిగించి, మెల్లగా మొదలుపెట్టి, గేజీ ముల్లు ఎర్రగీత దాకా వచ్చేవరకూ కొట్టాలి. అప్పుడు బుస్సుమని మాంటిల్ నీలంగా అంటుకుని, చూస్తుండగానే తెల్లగా తిరుగుతుంది.

కొత్త మాంటిల్ కట్టేటప్పుడు ముడతలు చుట్టూ సమంగా రావాలి. ఒకసారి కాలాక అది బూడిద గూడు. ముట్టుకోకూడదు, లైటు కుదపకూడదు. దీపపు పురుగు ఒకటి వచ్చి కొట్టుకుంటే చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి మంట సూదిలా బయటికొచ్చి గాజును పగలగొడుతుంది. అందుకే వానాకాలం ఉసుళ్ళు లేచే రోజు భజన ఆలస్యంగా పెట్టేవారు. పంపు గాలి పట్టకపోతే తొంభై పాళ్ళు లోపలి తోలు వాషరు ఎండిపోయిందని అర్థం. విప్పి, కొబ్బరినూనె పట్టించి, వేళ్ళతో అంచు విప్పార్చి పెడితే మళ్ళీ పట్టేది. వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటే నాజిల్‌లో మడ్డి. పిన్ను ఒకసారి తిప్పాలి. రేషను కిరసనాయిలు గుడ్డతో వడకట్టకుండా పోసిన రోజు ఈ తిప్పలు తప్పేవి కావు.

*

శనివారం భజన ఎనిమిదికి మొదలు. వినాయకుడి పాట, గురువు పాట, తర్వాత రాముడు, కృష్ణుడు, ఆంజనేయుడు, చివర మంగళం, హారతి. రామదాసు కీర్తనలు, పురందరదాసు పదాలు పక్కపక్కనే నడిచేవి. మా వైపు వాటితో సమానంగా కైవారం తాతయ్య తత్వాలు. చింతామణి దగ్గరి కైవారంలో గాజులు అమ్మిన యోగి నారేయణ తెలుగులోనూ కన్నడలోనూ పాడాడు. చివర "అమర నారేయణ" అని ముద్ర వస్తుంది. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషగా బతికిన మా ఊళ్ళకు ఆయన సొంత మనిషి. గురుపౌర్ణమికి కైవారం పోయి వచ్చినవాళ్ళు ఆ శనివారం ముందు పాడేవారు, మిగతావాళ్ళం వెనకపాట. చరణం రెండుసార్లు నిదానంగా, తర్వాత రెట్టింపు నడక. ఆ రెట్టింపులో తాళం తప్పనివాడే భజనపరుడని పేరు.

కంచు తాళాలు ముఖాముఖి గట్టిగా కొట్టకూడదు. మధ్యలో గాలి చిక్కి శబ్దం చచ్చిపోతుంది, కొన్నాళ్ళకు అంచు చీలుతుంది. అంచుకు అంచు కొంచెం ఏటవాలుగా తగలాలి. మృదంగానికి ఎడమవైపు ముఖం మీద బొంబాయి రవ్వ ముద్ద తడిపి పెట్టేవారు, బరువైన నాదం కోసం. భజన అయిపోగానే గీరేయాలి. ఒక రాత్రి అలాగే వదిలేస్తే తోలు మెత్తబడి కుళ్ళు వాసన, దాని వెంట ఎలుకలు. హార్మోనియానికీ ఎలుకే శత్రువు. తిత్తి తోలు కొరికితే ఎంత ఊదినా స్వరం నిలవదు. ఒకే మెట్టు మూగబోతే రీడు కింద దుమ్ము చిక్కిందని. పలచటి కాగితం దూర్చి లాగితే పలికేది. వానాకాలం మెట్లు ఉబ్బి పైకి లేవకపోతే ఎండలో పెట్టకూడదు. బియ్యం డబ్బా పక్కన, పొడిగా ఉన్నచోట రెండు రోజులు ఉంచాలి.

ధనుర్మాసం మొత్తం తెల్లవారుజామున భజన. డిసెంబరు చలిలో కంబళ్ళు కప్పుకుని, లాంతరు పట్టుకుని, ఊరు చుట్టి మందిరానికి చేరేవారు. ఆ నెలకు పాళి వారానికి కాదు, రోజుకొక ఇల్లు. ప్రసాదం హుగ్గి. బియ్యం ఎంతో పెసరపప్పు అంతే, మిరియాలు, జీలకర్ర, అల్లం, పైన నెయ్యి. పిల్లలు భజనకు వచ్చేది దానికోసమే. పెద్దలు ఆ సంగతి తెలిసే ప్రసాదం చివర పెట్టేవారు. పాటలన్నీ పిల్లలకు నోటికి రావడానికి ఆ ఒక్క ఏర్పాటు చాలింది.

ఊళ్ళో ఎవరైనా పోతే ఆ రాత్రంతా భజన ఆ ఇంటి ముందు. దానికి పాత తాళాలు, పాత కంజీర విడిగా ఉండేవి. వాటిని కడిగి, మరునాటి దాకా మందిరం వెనక చూరు కింద ఉంచేవారు. పిలవకుండా పోవాలి, ఏమీ పుచ్చుకోకూడదు. ఆ రాత్రి పాళి పుస్తకం ఎవరూ చూడరు, అందరి పాళీ.

*

శ్రీరామనవమికి వారం ముందు కళాయి పోసేవాళ్ళు వచ్చేవారు. మందిరం సొత్తు ఇత్తడి అండాలు, గంగాళాలు అన్నీ బయటికి తీసేవారు. లోపల ఇసుకా చింతపండుతో తోమి, గుంట కొలిమి మీద తిప్పుతూ కాచి, నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గొంతు పట్టేది. వెంటనే తగరం కడ్డీ రాసి, దూది ఉండతో ఒక్క ఊపులో లోపలంతా తిప్పితే ఇత్తడి వెండిలా మారేది. తగరంలో సీసం కలిపారేమో చూడ్డానికి కడ్డీతో కాగితం మీద గీసి చూసేవారు. నల్లగా గీత పడితే ఆ కడ్డీ వద్దు.

కళాయి లేని ఇత్తడిలో పానకం కలిపితే నిమ్మరసానికి కిలుము పుడుతుంది. వాంతులవుతాయి. పానకం లెక్క నూరు మందికి ఇరవై లీటర్ల నీళ్ళు, మూడున్నర కిలోల బెల్లం, యాభై గ్రాముల మిరియాలు, అంతే శొంఠి, పాతిక గ్రాముల యాలకులు, ఇరవై నిమ్మకాయలు. బెల్లం ముందురోజు రాత్రే కొంచెం నీళ్ళలో నానేసి, పొద్దున గుడ్డతో వడకట్టాలి. మండ్య బెల్లమైనా అడుగున ఇసుక తేలుతుంది. నిమ్మరసం చిట్టచివర, పంచే ముందు పిండాలి. కర్బూజ పండు సన్నగా తరిగి కలపడం బెంగళూరు అలవాటు, ఆంధ్రా నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు మొదట వింతగా చూసేవారు. కోసంబరికి పెసరపప్పు గంటన్నర నానితే చాలు. ఎక్కువ నానితే పలుకు పోతుంది. దోసకాయ, పచ్చిమామిడి, కొబ్బరి కలిపాక ఉప్పు మాత్రం వడ్డించే ముందు వేయాలి. ముందే వేస్తే దోసకాయ నీళ్ళు విడుస్తుంది, పదింటి కోసంబరి పన్నెండింటికి చారవుతుంది.

1939 నుంచి చామరాజపేటలో శ్రీరామసేవా మండలి నడిపే రామనవమి సంగీతోత్సవాలకు సైకిళ్ళ మీద పోయి, అర్ధరాత్రి తిరిగొచ్చే పెద్దలు ఉండేవారు. అక్కడ విన్న పాట ఇక్కడ మారిన వరసలో పాడేవారు. ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆ అండాలు ఏడాది పొడవునా పెళ్ళిళ్ళకు తిరిగేవి. ప్రతి పాత్ర అంచున మందిరం పేరు, తూకం చెక్కి ఉండేవి. ఇచ్చేటప్పుడు, తెచ్చేటప్పుడు తూచేవారు, పాత్ర మారిపోకుండా. అద్దె లేదు. తోమి తేవాలి, సొట్ట పడితే బాగు చేయించాలి. పేదింటి పెళ్ళికి మందిరం ఇచ్చిన గొప్ప ఆసరా ఇదేనని మా నమ్మకం.

*

చెరువు నీళ్ళ పంపకం మందిరం అరుగు మీద తేలేది. తూము ఏ రోజు ఎత్తాలి, ఏ కయ్యకు ఎంతసేపు అన్నది పెద్దలు చెబితే తూము చూసే నీరగంటి చేసేవాడు. పటేలు, శానుభోగుల (కరణాల) వంశపారంపర్య ఉద్యోగాలు చట్టంతో 1963లో రద్దయ్యాక కూడా కొన్నేళ్ళు వాళ్ళ మాట అక్కడే సాగింది. బోరుబావులు వచ్చాక తూముతో పనిలేదు, తూముతో పనిలేకపోతే అరుగుతోనూ పనిలేదు. తగాదా పోలీసు స్టేషనుకు చేరింది.

ఊరి బడి సొంత గది కట్టేదాకా ఇక్కడే. ఒక అయ్యవారు, నాలుగు తరగతులు, నాలుగు స్తంభాలు, స్తంభానికొక తరగతి. మశూచి టీకాలు, రేషను చీట్లు, ఓటింగు పెట్టెలు ఈ అరుగు మీదే. 1955లో బెంగళూరు ఆకాశవాణి వచ్చాక పంచాయతీ రేడియో ఒకటి చెక్కపెట్టెలో పెట్టారు. సాయంత్రం రైతుల కార్యక్రమం, వార్తలు అయ్యాక పెట్టెకు తాళం. మందిరంలో మొట్టమొదట తాళం పడింది దానికే.

ఇన్ని మంచి సంగతులు చెప్పి ఒకటి దాటేస్తే అబద్ధమవుతుంది. పాళి పుస్తకంలోని అరవై ఇళ్ళలో కింది వీధి ఇళ్ళు లేవు. 1955లోనే అస్పృశ్యత నేరమని చట్టం వచ్చినా, చాలాకాలం వాళ్ళు అరుగు కింద నిలబడే పాటలు విన్నారు. పానకం పైనుంచి చేతుల్లో పోసేవారు. ఆ ఇళ్ళలోనే ఊరికంతా మించిన గొంతులు ఉండేవి. బడి మందిరంలో నడిచిన రోజుల్లో పిల్లలు కలిసి కూర్చున్నారు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక అరుగు ఎక్కారు. పాళిలో మాత్రం పేర్లు ఎక్కలేదు. ఇది మందిరానికున్న మచ్చ.

*

విమానాల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్ 1940లో, టెలిఫోన్ల ఫ్యాక్టరీ ఐటీఐ 1948లో వచ్చాయి. ఊళ్ళో మగవాళ్ళు సైకిళ్ళెక్కి షిఫ్టులకు పోవడం మొదలైంది. పాళి అప్పుడూ ఆగలేదు. రాత్రి షిఫ్టువాడి బదులు తమ్ముడు దీపం పెట్టాడు. జీతం వచ్చినవాళ్ళు నూనెకు వెనకాడలేదు. తలమీద విమానం పోతే పెంకులు గలగలమనేవి, పాట ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకునేది.

తొంభైల్లో వైట్‌ఫీల్డ్ దగ్గర ఐటీపీఎల్ అనే సాఫ్ట్‌వేర్ పార్కు వచ్చాక పొలాలు ఎకరాల లెక్క నుంచి చదరపు అడుగుల లెక్కకు మారాయి. డబ్బు వచ్చింది. డబ్బుతో మందిరానికి చాలా చేశారు. నేలకు గ్రానైటు, పటానికి వెండి తొడుగు, మైకు సెట్టు, దాతల పేర్ల శిలాఫలకం. ఒకసారి హార్మోనియం, గంటలు దొంగలెత్తుకుపోవడంతో వీధి వైపు ఇనుప గ్రిల్లు, తాళం. తాళంచెవి ఒక ఇంట్లో. ఊడ్వడానికి నెల జీతానికి మనిషి. దీపం బదులు కరెంటు బల్బు. వీటిలో ఏ ఒక్కటీ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. కానీ జీతం మనిషి వచ్చిన నెలే పాళి ఆగింది. పాళి పుస్తకంలో చివరి పేజీ సగమే నిండి ఉంది. దీపం వెలగకపోతే అడగాల్సింది ఎవరినో తెలియని మందిరానికి ఎవరూ రారు. మైకు ముందు ఇద్దరు పాడితే వెనకపాట పాడేవాళ్ళు నోరు మూసుకున్నారు.

2007లో నగరసభలనూ 110 ఊళ్ళనూ కలిపి బృహత్ బెంగళూరు పాలికె (నగరపాలక సంస్థ) చేశారు. మా ఊరు వార్డులో ఒక మూలయింది. ప్రభుత్వం సముదాయ భవన కట్టించింది. పెళ్ళిళ్ళు అటు పోయాయి. ఇత్తడి అండాలు మాత్రం మందిరం వెనక గదిలో కళాయి లేకుండా నల్లబడి ఉన్నాయి.

*

ఇక కొత్త కట్టడం. కట్టేవాళ్ళకు మా మాటలు ఇవి.

వీధి వైపు గోడ పెట్టకండి. మూడు వైపుల కాంక్రీటు, పైన స్లాబు, కింద నునుపు టైల్సు వేస్తే తాళం మోత గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది, ఎవరి గొంతు ఎవరికీ వినపడదు. పాత మందిరంలో మోత పెంకుల సందుల్లోంచి, తెరిచిన ముంగిట్లోంచి పోయేది కాబట్టే మైకు లేకుండా పాట వీధి చివరకు వినిపించింది. స్లాబు తప్పదంటే దాని కింద కట్టెకప్పు వేయండి, నేల మీద మందపాటి చాపలు పరవండి.

దించిన పెంకుల్లో మంచివి ఏరడం తేలిక. వేలి కణుపుతో కొడితే ఖంగుమనేది మంచిది, మొద్దుగా మోగేది చీలినది. ముందు వసారాకు నాలుగు వందలు చాలు, అంతకు రెట్టింపు మంచివి ఉన్నాయి. మద్ది దూలాల కుళ్ళిన చివర్లు కోసేస్తే వసారా పొడవుకు సరిపోతాయి. రాతి స్తంభాలు నాలుగూ అక్కడే నిలపవచ్చు. పెద్దవాళ్ళు ఎక్కడానికి ఒక వాలు దారి, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి పాత మందిరంలో లేవు, కొత్తదానిలో తప్పక ఉండాలి.

స్థలం ఖాతా ఒక మనిషి పేర ఉండకూడదు. ఎంత మంచివాడైనా అతని తర్వాత వారసులు వస్తారు, కోర్టు వస్తుంది. ఏడుగురు సభ్యులుంటే 1960 నాటి కర్ణాటక సంఘాల చట్టం కింద రిజిస్టరు చేయించవచ్చు. ఆ ఏడుగురిలో కింది వీధి నుంచి ఇద్దరైనా, ఆడవాళ్ళు ఇద్దరైనా ఉండాలి.

ప్రస్తుతం శనివారం భజన ఎదురింటి వసారాలో జరుగుతోంది. పదిహేను మంది దాకా వస్తున్నారు, అందులో సగం అద్దె ఇళ్ళ వాళ్ళు. నెల్లూరు, అనంతపురం, తమిళనాడు ధర్మపురి వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఒకామె రెండు వారాలుగా గుగ్గిళ్ళు తనే తెస్తోంది, ఎవరూ అడగలేదు. పాళి పుస్తకం ఈసారి తెలుగు, కన్నడ, తమిళం ఏ అక్షరాల్లో రాసినా సరే, కింది వీధి ఇళ్ళతోనూ అద్దె ఇళ్ళతోనూ కలిపి రాయాలి. లెక్క వేసి చూశాం, వంద ఇళ్ళు దాటుతున్నాయి. ఒక్కో ఇంటికి రెండేళ్ళకు ఒక వారం. నూనె అర లీటరు.